గోదావరి నీడ

పుష్యమాసమున తెల్లవారుజామున మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజి మీద నిలుచున్నవానికి గోదావరి కంటికి కానరాదు. మూసిన గేట్ల సందులనుండి జారు సన్నని నీటిచప్పుడు మాత్రము చెవిని పడుచుండును. పదునాలుగు గేట్ల వెనుక నిలిచిన నీరు పగటి వెచ్చదనమును రాత్రియంతయు దాచియుంచుకొని, ఉదయపు చలిగాలి తాకగానే దానిని ఆవిరిగా విడుచుటవలన, ఈ గట్టునుండి ఆ గట్టుదాక ఏకిన దూది పరచినట్లు పొగమంచు లేచి, ధర్మాబాదు వైపు చేలను, మిరపతోటలను, బండిబాటలను మ్రింగివేయును. అటువంటి యొక ఉదయమున, గట్టునానుకొనియున్న చేనిలో, ఒక వృద్ధ కర్షకుడు భుజముమీది తువాలును తడిపి సోలార్ ప్లేట్లను తుడుచుచుండగా చూచితిని.

తుడిచిన ప్లేటుమీద నీరు గోధుమవన్నె చారలుగా దిగి, క్రిందియంచున అల్యూమినియము చట్రమునకు ఆనుకొని నిలిచిపోయినది. అక్కడ ఎన్నాళ్లదో మట్టి, మంచుకు తడిసి, ఎండకు ఎండి, మరల తడిసి, సున్నపు గారవలె వ్రేలెడు వెడల్పున గట్టిపడియున్నది. దానినాతడు బొటనవ్రేలి గోటితో గీకి, "గిదే సారూ, గీ గీత జాలు, ప్లేటంత పండుకుంటది" అని చెప్పి, ప్రక్కనున్న కంట్రోలరు డబ్బా మూత తెరచి చూపెను. మూత లోపలివైపున సుద్దముక్కతో వ్రాసిన అంకెలు వరుసగా నున్నవి: 8-50, 9-20, 9-05, 9-40. ప్రతిదినము మోటరు నీరెత్తుట కారంభించిన వేళలవి. ఎండాకాలమున ఏడున్నరకే పైపునుండి నీళ్లు దూకుననియు, ఈ నెలలో మాత్రము మంచు విడుచువరకు మోటరు మూలుగుటయే గాని లేవదనియు ఆతడు చెప్పెను. చెప్పి, కొంతసేపు ఊరకుండి, నన్నొక ప్రశ్న యడిగెను.

"మా అల్లుడు గోదావరిఖనిల ఉంటడు సారూ. ఆడ కరెంటు ఫ్యాక్టరీల కెల్లి గింతకన్న పెద్ద మబ్బు రోజూ లేస్తదంట. మల్ల ఆడి చెర్వుల గూడ సోలార్ ప్లేట్లు ఏసిండ్రంట గద. వాటికి ఎండ ఎట్ల తగుల్తది?"

"కాకా, తెలిసికొని చెప్పెదను" అని వచ్చితిని. ఈ వ్యాసము ఆ మాట చెల్లించుకొనుటకు చేసిన ప్రయత్నము.

బాబ్లీ దాపున థర్మల్ కేంద్రమేదియు లేదు. కాని బాబ్లీ నీటికిని రామగుండపు మబ్బునకును గల చుట్టరికము భూగోళపటము మీద వ్రేలుపెట్టి చూపదగినంత స్పష్టమైనది. బాబ్లీనుండి ఏడు కిలోమీటర్లు సాగి గోదావరి తెలంగాణ సరిహద్దును చేరును; కందకుర్తి వద్ద మంజీరను, హరిద్రను కలుపుకొని, బాసర మెట్లను తడిపి, 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు జలాశయమున, అనగా నేటి శ్రీరామసాగరమున, విశ్రమించి, అక్కడినుండి దిగువకు ఎల్లంపల్లి జలాశయమునకు, దాని పొరుగుననే రామగుండమునకు చేరును. 1983లో తొలి యూనిట్టు తిరిగిన నాటినుండి రామగుండపు ఎన్టీపీసీ కేంద్రము త్రాగుచున్నది ఈ నీటినే. తొలుత శ్రీరామసాగరపు కాలువనుండి త్రాగినది, తరువాత ఎల్లంపల్లినుండి త్రాగుచున్నది. పాత కేంద్రము 2,600 మెగావాట్లది. దాని ప్రక్కన రాష్ట్ర విభజన చట్టపు వాగ్దానము ననుసరించి వెలసిన క్రొత్త తెలంగాణ కేంద్రమునందు 800 మెగావాట్ల యూనిట్లు రెండున్నవి. ఒకటి 2023 అక్టోబరులోను, రెండవది 2024 మార్చిలోను జాతికి అంకితమైనవి.

బొగ్గు మండించి నీటిని ఆవిరిచేసి, ఆ ఆవిరితో టర్బైను త్రిప్పి, పని ముగిసిన ఆవిరిని మరల నీరుగా మార్చవలయునన్నచో దాని వేడిని ఎక్కడనో విడిచిపెట్టక తప్పదు. ఎంతటి నూతన యంత్రమైనను బొగ్గులోని వేడిలో సగమునకు మించినది, హెచ్చుపాలు ఈ విధముగనే, వ్యర్థముగ పోవును. పూర్వము నదినుండియో చెరువునుండియో నీరు తోడి, యంత్రముచుట్టు త్రిప్పి, వేడినీటిని తిరిగి నదిలోనికే వదలుచుండిరి. ఇప్పుడు వేడినీటిని కూలింగ్ టవరులోనికెక్కించి, వానజల్లువలె పైనుండి రాల్చి, ఎదురుగాలికి చల్లార్చుచున్నారు. ఆ చల్లారుటలో కొంత నీరు ఆవిరియై గోపురపు నోటినుండి పైకెగయును. మన యిండ్లలో కాఫీని రెండు గ్లాసులతో తిరగబోసి చల్లార్చుటకును దీనికిని సూత్రమునందు భేదము లేదు, పరిమాణమునందే యున్నది: రాజస్థానమందలి కాలీసింధ్ కేంద్రపు గోపురము ఎత్తు 202 మీటర్లు. 2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెము పాత కేంద్రపు ఎనిమిది గోపురములు కొద్ది క్షణములలో మోకాళ్లపై కూలినప్పుడు, ఆ ఊరివారనేకులు కన్నీరు పెట్టుకొనియుందురు. యాబది సంవత్సరములుగా వారి ఆకాశమునకు అవియే శిఖరములు.

గోపురమునుండి వెలువడునది పొగయని పలువురు భ్రమపడుదురు. రైలు కిటికీనుండి చూచి పిల్లలకు "అదిగో కాలుష్యము" అని చూపు తండ్రులను నేనెరుగుదును. పొగ వెడలునది చిమ్నీనుండి. దానిని మంచి యెండలో కన్ను కనిపెట్టుటయే కష్టము. తెల్లగా, దట్టముగా, ఠీవిగా కనబడునది ఉత్త నీరు. ఎండను కన్నులయెదుట అడ్డగించునది ఈ నీరే గనుక, కర్షకుని ప్రశ్న దీనినుద్దేశించినదే; చిమ్నీ సంగతికి తరువాత వచ్చెదను.

ఆ ప్రశ్నకు సాక్ష్యము రామగుండముననే నీటిపై తేలుచున్నది. ఎన్టీపీసీ జలాశయము మీద బీహెచ్ఈఎల్ నిర్మించిన 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము 2022 జూలై 1న పూర్తిసామర్థ్యమును చేరినది. సుమారు 500 ఎకరములు, 40 ఖండములు, ఖండమునకు 11,200 పలకలు. అన్నియు కలిసి నాలుగు లక్షల నలుబది యెనిమిది వేలు. ప్రపంచమున ఎన్నో చోట్ల సౌరకేంద్రములు థర్మల్ కేంద్రములకు దూరముగ, ఎడారులలో వెలయుచుండగా, ఇక్కడ బొగ్గు యంత్రమును, సూర్యపలకయు ఒకే ప్రహరీ నీడన, ఒకే నీటితో కాపురము చేయుచున్నవి. ఈ సహవాసమునకు కారణము లేకపోలేదు. థర్మల్ కేంద్రమునకు సిద్ధముగ విద్యుత్తు తరలించు తీగలున్నవి, సబ్‌స్టేషన్ ఉన్నది, జలాశయమున్నది, కావలివారున్నారు; క్రొత్తగ భూమి కొనబనిలేదు. రాబోవు దినములలో ఎండకు ఏర్పడు క్రొత్త స్థావరములు పెక్కు బొగ్గు స్థావరపు పొరుగుననే అడుగు పెట్టుటకు ఆశపడును. అందుచేతనే గోపురపు నీడను గూర్చిన విచారము పనిలేనివాని కుతూహలము కాదు.

ఆ నీడ ఎంతటిది? ఋతువును బట్టి యుండును. మే నెలలో రామగుండపు గాలి నలుబది నాలుగు డిగ్రీల వేడితో, ఎండిన కట్టెవలె దాహముతో నుండును గనుక, గోపురమునుండి వెలువడిన ఆవిరిని వెలువడినంతనే పీల్చివేయును. మబ్బు పుట్టినచోటనే మాయమగును. ఎండ అత్యధికముగ కాయు వేసవి మాసములు ఇవియే గనుక ఆ కాలమున నష్టము లెక్కకు రాదు. వానకాలమున ఆకాశమే మేఘావృతమై యుండును. ఇంద్రుని మబ్బుల నడుమ ఎన్టీపీసీ మబ్బు నెవ్వరు లెక్కింతురు? మిగిలినది కార్తికమునుండి మాఘము వరకు గల చలికాలపు ఉదయము. అప్పుడు గాలి చల్లగాను, తడిగాను ఉండి ఆవిరిని త్రాగజాలదు. మబ్బు కరగక, గోపురమును విడిచి చాలదూరము పటముకట్టినట్లు సాగును. సూర్యుడు నేల కంటి వంగియుండును గనుక ఎత్తున నున్న వస్తువు నీడ పొడవుగ పడును. మన రామగుండము, బాబ్లీ రెండును దాదాపు ఒకే అక్షాంశము మీదనున్నవి. డిసెంబరు 22 ప్రాంతమున సూర్యగతిని బట్టి ఎనిమిది గంటలవేళకు సూర్యుడు క్షితిజమునకు పదునెనిమిది డిగ్రీల పైననే యుండును. మూడు వందల మీటర్ల ఎత్తునకు లేచిన మబ్బు నీడ ఆ వేళ కిలోమీటరుకు కొంచెము తక్కువ దూరమున పడును. అదే మబ్బు నీడ మధ్యాహ్నమున మూడు వందల మీటర్లు కూడ దాటదు. ఆ నీడ పడు దిక్కు కూడ గాలివాటుగ నిర్ణయమగునది కాదు: చలికాలమున మన నేలపై ఎక్కువగ వీచునది తూర్పు, ఈశాన్యపు గాలి, ఉదయసూర్యుడు ఆగ్నేయమున నుండును, కావున మబ్బు పడమటికి వాలగా దాని నీడ వాయవ్యమునకు పడును. గోపురమునకు దక్షిణమునను తూర్పునను ఉన్న పలకలు నిశ్చింతగ నుండవచ్చును. పడమట, వాయవ్యమున ఉన్నవి చలికాలమున తొలి రెండు మూడు గంటల ఎండను మబ్బుతో పంచుకొనవలసినదే.

పంచుకొనుటయే గాని పోగొట్టుకొనుట కాదని కూడ చెప్పవలయును. మబ్బు క్రింద పూర్తి చీకటి యుండదు. చెదరిన వెలుతురు మిగులును, నేటి పలకలు ఆ వెలుతురును కూడ కొంత కరెంటుగ మార్చగలవు. పైగా సంవత్సరపు మొత్తమున చలికాలపు ప్రాతఃకాలము ఇచ్చునది ఎంతయో కాదు. నూరు మెగావాట్ల సంస్థకు ఇది పద్దులో కనబడని కన్నము. ఈ లెక్కను ఆధారము చేసికొని ఇంజనీరు మిత్రులు "ఉపేక్షణీయము" అని పెదవి విరుతురు. సంవత్సరమునకు సగటు తీసి ఉపేక్షణీయమనుట సులభము; సగటున మోకాలిలోతు నదిలోనే మనుష్యులు మునిగిపోవుచుందురు. నీడ సగటుగ పడదు. అది ఒక దిక్కున, ఒక వేళ, ఒకని చేనిమీద పడును.

ఆ ఒకడెవడో మనము గుర్తించవలసిన కాలము వచ్చినది. 2019లో కేంద్రప్రభుత్వ మారంభించిన పీఎం-కుసుమ్ పథకము సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపలి బీడుభూములలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రములు పెట్టుకొని కరెంటును అమ్ముకొనుటకు రైతులకును, వారి సంఘములకును అవకాశమిచ్చినది. థర్మల్ కేంద్రముల చుట్టుప్రక్కల గ్రామములందు సబ్‌స్టేషన్లకు కొదువ లేదు. బూడిద పడి పంట దిగుబడి తగ్గిన బీళ్లకును కొదువ లేదు. అక్కడి రైతు బ్యాంకునుండి అప్పు తెచ్చి పలకలు పరచునప్పుడు, జిల్లాకంతకు ఒక్కటిగ లెక్కించిన సూర్యరశ్మి పటమును చూపి, ఇన్ని యూనిట్లు పండునని ఆతనికి చెప్పుదురు. ఆ పటమునకు గోపురము తెలియదు. జనవరిలో వచ్చిన తక్కువ యూనిట్లకు పలకను నిందించవలయునో, ఇన్వర్టరును నిందించవలయునో, తన జాతకమును నిందించవలయునో ఆ రైతునకు తెలియదు. నూరు మెగావాట్ల సంస్థకు కన్నము వంటి నష్టము ఆతని కంతున పెద్ద గండి యగును.

ఇక మబ్బు వెంట వచ్చు మరియొక సంగతి. గోపురమునుండి ఆవిరియే గాక, గాలితోడ కొట్టుకొనివచ్చు సూక్ష్మమైన నీటితుంపరలు కూడ వెలువడును. వానిలో పదేపదే తిరిగి చిక్కబడిన నీటి లవణములుండును. నూతన గోపురములలో తుంపరను పట్టు పొరలను అమర్చి దీనిని చాలవరకు అరికట్టినారు. కాని థర్మల్ కేంద్రపు పొరుగున బూడిదగుంటలున్నవి, బొగ్గు గుట్టలున్నవి, టిప్పర్లు పరుగెత్తు బాటలున్నవి. రాత్రి తేమ, పగటి ధూళి ఒకదానినొకటి కలిసికొని, బాబ్లీ రైతు గోటితో గీకి చూపిన ఆ గారను పలకమీద దిద్దును. పొడి దుమ్మును గాలియైనను ఎగురగొట్టును. తడిసి యెండిన దుమ్మును మనిషి చెయ్యియే వదలింపవలయును. నీడ తొమ్మిదింటికో పదింటికో పోవును గాని గార సాయంత్రముదాక ఉండును గనుక, రెంటిలో నేను గారకే ఎక్కువ జంకుదును.

చిమ్నీనుండి వెడలు కంటికానని గంధకవాయువు ఈ రెంటికంటె దూరగామి. అది గాలిలో సన్నని కణములుగ మారి వందల మైళ్ల మేర ఆకాశమును పాలిపోవజేయును. పూర్వకాలపు నీలాకాశమునకును నేటి శీతకాలపు బూడిదవన్నె ఆకాశమునకును గల తేడాలో దాని పాలు కలదు. దానిని కడుగు యంత్రములను బిగింపుడని 2015లో ఆజ్ఞాపించిన కేంద్ర పర్యావరణశాఖ, గడువు పెంచుచు పెంచుచు వచ్చి, 2025 జూలైలో దేశమందలి అత్యధిక కేంద్రములకు ఆ పనినుండి మినహాయింపే యిచ్చినది. తెల్లని మబ్బును చూపి కలవరపడు మనము, కానరాని ఈ తెరను గూర్చి సభలలో ఒక్కమాట పలుకలేదు.

2015 డిసెంబరునాటి ఆ ప్రకటనలోనే నీటికి సంబంధించిన ఆజ్ఞ కూడ కలదు: నదిలోనికి వేడినీరు వదలు పాత కేంద్రములన్నియు కూలింగ్ టవర్లు కట్టుకొనవలయును. 2017 తరువాత వచ్చిన కేంద్రములకు, తదుపరి సవరణ ననుసరించి, వేయి యూనిట్లకు మూడు ఘనపు మీటర్ల నీరు హద్దు. ఇంటిలెక్కలో చెప్పినచో యూనిట్టునకు మూడు లీటర్లు. రాత్రి మన తలపై తిరుగు ఫ్యాను ఒక యూనిట్టు మ్రింగునప్పటికి, ఎక్కడనో ఒక చెంబెడు గోదావరి ఆకాశమున కెక్కినదని అర్థము. అందులో కొంత బూడిదతోను మురికితోను పోయినను, హెచ్చుభాగము ఆవిరియే.

ఇప్పుడు బాబ్లీ చరిత్రను ఈ చెంబుతో కొలిచి చూడుడు. 1975 అక్టోబరులో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశములు ఒప్పందము వ్రాసికొనగా, పైఠణ్, సిద్ధేశ్వర్, నిజాంసాగర్ ఆనకట్టలకు దిగువను, పోచంపాడునకు ఎగువను మహారాష్ట్ర క్రొత్తగ 60 టీఎంసీలు వాడుకొనవచ్చునని గోదావరి జలముల పంపకమునకు ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ దానిని స్థిరపరచినది. ఆ పద్దున కట్టిన బాబ్లీ, పోచంపాడు జలాశయపు ముంపుప్రాంతముననే వెలసినదని వివాదము పుట్టి, 2010 జూలైలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్షనాయకుడు చంద్రబాబునాయుడు పరివారముతో బాబ్లీకి బయలుదేరి అరెస్టయి ధర్మాబాదులో నిర్బంధితుడగువరకు పోయినది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తియుంచవలయును, ప్రతి మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలవలయును. పర్యవేక్షణకు ముగ్గురు సభ్యుల సంఘముండవలయును. ఇంతటి మథనమునకు కేంద్రమైన బాబ్లీ నిలువ 2.74 టీఎంసీలు.

అటు క్రొత్త రామగుండపు రెండు యూనిట్లు పూర్తి బరువుతో, హద్దుమీరకుండ నడచినచో రోజునకు 1,15,200 ఘనపు మీటర్ల నీరు కావలయును. సంవత్సరమునకు ఇంచుమించు టీఎంసీన్నర. అనగా బాబ్లీ నిలువలో సగమునకు పైమాట. న్యాయస్థానము లెక్కగట్టి, మూడు ప్రభుత్వముల అధికారులు వచ్చి నిలువబడి, విలేఖరులు ఫోటోలు తీయగా మార్చి 1న దిగువకు పోవు ఆ 0.6 టీఎంసీ ఆ రెండు యూనిట్లకు నూట నలుబది యేడు దినముల దాహము. అదే నీరు అక్కడికి చేరుననుట లేదు, కొలతకొఱకు చెప్పుచున్నాను. పోచంపాడు కాలువక్రింది చివరి మడి ఎండినప్పుడు మనము బాబ్లీవైపు చేయి చాపి తిట్టుటకు అలవాటు పడితిమి. ప్రతిదినము మన కన్నులయెదుటనే, తెల్లగా, ఠీవిగా ఆకాశమున కెక్కు నీటిని గూర్చి ఏ అఖిలపక్షమును కూడలేదు. కరెంటు అక్కరలేదని నా వాదము కాదు. ఆ కరెంటుతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఎగువవాడు ఆపిన నీటిని చుక్కచుక్కగ లెక్కించినవారము, ఎగిరిపోవు నీటిని లెక్కింపకుండుట వింతయని మాత్రమే.

ఈ నదిపైననే, బాబ్లీకి ఎగువను, ఈ లెక్కకు తలక్రిందులైన దృశ్యము కూడ జరిగినది. కోర్టు తీర్పు వచ్చిన ఆ 2013లోనే మరాఠ్వాడా కరవున గోదావరి ఎండి, బీడ్ జిల్లాలోని పరళీ థర్మల్ కేంద్రము నీరులేక మూతపడినది. బొగ్గున్నది, యంత్రములున్నవి, పనివారున్నారు. గోపురముల నోట ఆవిరి లేదు. ఆ దినములలో అచ్చటి ఎండ మాత్రము ఏ అడ్డును లేక నిండుగ కాసినది. సౌరపలకకు త్రాగనీరు అక్కరలేదు, కడుగుటకు తప్ప. రామగుండపు తేలియాడు పలకలైతే జలాశయమును కప్పి, ఏటేట 32.5 లక్షల ఘనపు మీటర్లు ఇగిరిపోకుండ కాపాడునని కేంద్రప్రభుత్వ ప్రకటన. ఘనమైన సంఖ్యయే. కాని ప్రక్కనున్న ఆ క్రొత్త యూనిట్ల ఇరువదియెనిమిది దినముల ఖర్చుతో అది సరి. పలకలు ఏడాదియంతయు కూడబెట్టినదానిని గోపురము నెల తిరుగకముందే వ్యయించును. ఈ ఇల్లాలు కూడబెట్టుచుండగా ఆ గృహస్థు ఖర్చుపెట్టుచున్నాడని చమత్కరింపవచ్చును.

ఏమి చేయవలయుననగా నా కోరిక మిక్కిలి అల్పము. ఫ్రాన్సుదేశమున రోన్ నది యొడ్డున బ్యూజే అణువిద్యుత్ కేంద్రమువారు 1980లోనే తమ గోపురపు మబ్బును విమానములతోను, నేలమీది పరికరములతోను కొలిపించుకొనిరి. మనకు విమానములక్కరలేదు. సూర్యరశ్మిని కొలుచు పైరనోమీటరు అరచేతిలో నిముడు గాజుబుడ్డి. ప్రతి పెద్ద సౌరకేంద్రమునందును అది యుండనే యున్నది. దానినే గోపురమునకు నలుదిక్కుల, ఊరి బడి కప్పుమీదనో పంచాయతీ కచ్చేరి కప్పుమీదనో అమర్చి, రెండు చలికాలములు చూచి, వచ్చిన అంకెలను ఊరివారు చదువునట్లు ప్రకటించిన చాలును. నీడ స్వల్పమని తేలినచో రైతు ధైర్యముగ అప్పు చేయును. కాదని తేలినచో పలకలను గోపురమునకు తూర్పునకో దక్షిణమునకో జరుపుదురు, లేదా ఆ దిక్కునున్న చిన్నవారికి యూనిట్టు ధరలో ఆ మేరకు సర్దుబాటు చేయుదురు. పర్యావరణ అనుమతికై వ్రాయు వేలపుటల నివేదికలలో తాబేళ్లకును, పక్షులకును, ప్రాచీనాలయములకును చోటున్నది. పొరుగువాని ఎండకు ఒక పుట కేటాయించుట సాధ్యము కానిదా? మరి బాబ్లీ చెరువుమీదనే పలకలు తేల్చరాదా యని కొందరడుగుచున్నారు. జూలైలో గేట్లు లేచి వరద తోసికొనిపోవు చోట, వేసవిలో అడుగు బయటపడు చోట తెప్పలు నిలువవు. ఆ యుత్సాహము శ్రీరామసాగరము కొఱకు దాచియుంచుకొనుట మంచిది.

కరెంటు విషయమున సరిహద్దు పల్లెలవారికి ఎవ్వరును పాఠము చెప్పనక్కరలేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు రాగా, దానిని సరిహద్దు కీవలినుండి చూచిన ధర్మాబాదు ప్రాంతపు గ్రామములు కొన్ని, తమ్మును తెలంగాణలో కలుపుడని ఆ యేడే ఎలుగెత్తినవి. వంతులవారీగ, పలుమారు అర్ధరాత్రి వచ్చు త్రీఫేజు కరెంటుకై పాములలో తేళ్లలో పొలమునకు పోయినవారికి పగటి కరెంటు ఎంతటి వరమో వారికే తెలియును. మహారాష్ట్ర ప్రభుత్వము కూడ సౌరఫీడర్లతో పగటిపూట కరెంటిచ్చుటకు పూనుకొనినది. ఎండ వారి ఇంటికి వచ్చిన క్రొత్త చుట్టము. ఆ చుట్టము ఏ వేళకు వచ్చి ఏ వేళకు పోవుచున్నదో సుద్దముక్కతో వ్రాసిపెట్టుకొనుట వారికి ఎవ్వరును నేర్పలేదు.

ఆ యుదయమున నేను బ్యారేజి దిగి వచ్చునప్పటికి మంచు పలుచనై, ఆవలి గట్టున చెట్లు ఒక్కొక్కటిగ రూపు దిద్దుకొనుచుండెను. మోటరు రెండుమారులు మూలిగి ఆగినది. మూడవమారు పైపు దగ్గి, ఎర్రని నీరు కొంత కక్కి, పిదప తెల్లని ధార కాలువలో పడినది. ముసలాయన తువాలును దులిపి భుజముపై వేసికొని, "టైమెంతైంది సారూ?" అని యడిగెను. తొమ్మిదీ పది యంటిని. ఆతడు డబ్బా మూత తెరచి, నిన్నటి అంకె క్రింద వ్రాసికొనెను.